రెండో డ్యూటీకి సెలవేది?

సలహా కోసం మా దగ్గరికి వచ్చే స్త్రీలలో "నిద్ర పట్టడం లేదు, ఊరికే ఏడుపొస్తోంది, పిల్లల మీద అరుస్తున్నాను" అనేవాళ్లు ఎక్కువవుతున్నారు. మంచంపట్టిన అత్తగారికి తెల్లవారుజామునే ఒళ్లు తుడిచి, మందులు వేసి, క్యారియర్లు సర్ది, బస్సెక్కి ఉద్యోగానికి పోయి, సాయంత్రం మళ్లీ ఆ మంచం దగ్గరికే చేరే స్త్రీలు వీళ్లు. ఇంట్లోవాళ్లు నరాల బలహీనత అంటారు. డాక్టరు బలం మాత్రలు రాస్తాడు. రోజుకి ఎన్ని గంటలు చాకిరీ చేస్తున్నావమ్మా అని మాత్రం ఎవరూ అడగరు.

ఆ లెక్క ప్రభుత్వం దగ్గరే ఉంది. 2024 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసేవారిలో స్త్రీలు రోజుకి 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. పిల్లల, వృద్ధుల, రోగుల సంరక్షణ లెక్క వేరు. 15-59 ఏళ్లవారిలో ఆ పని చేసే స్త్రీలకు 140 నిమిషాలు, పురుషులకు 74 నిమిషాలు పడుతోంది.

ఈ నిమిషాలకు అందనిది కనిపెట్టుకుని ఉండడం. రాత్రి పక్కగదిలో దగ్గు వినిపిస్తే లేవాలి. ఆఫీసులో ఉన్నా మందు వేశారో లేదోనన్న ధ్యాసే. తెగిన నిద్ర విసుగవుతుంది. విసుక్కున్నందుకు తానే చెడ్డదాన్నన్న బాధ మిగులుతుంది. దిగులు అలా పాతుకుపోతుంది.

చట్టం ఏమంటోంది? 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ఆ బాధ్యతను కొడుకులు, కూతుళ్లు, మనవలు, మనవరాళ్ల మీద పెట్టింది. 'పిల్లలు' అన్న నిర్వచనంలో కోడలు లేనే లేదు. అయినా ఉద్యోగం మానెయ్యమని ఇల్లు అడిగేది కోడలినే. ప్రసూతి సెలవు 2017లో 26 వారాలైంది. ఇంట్లో ఒకరికి పక్షవాతం వస్తే చూసుకోవడానికి ప్రైవేటు ఉద్యోగికి అలాంటి హక్కు ఏదీ లేదు. ఇళ్లలో పనిచేసే మనిషికైతే నాగా పెట్టిన రోజు కూలి పోయినట్టే.

మానసిక వైద్యం పొందే హక్కును 2017 చట్టం అందరికీ ఇచ్చింది. దిగులు వదలకపోతే సిగ్గుపడకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి, 14416 టెలీ మానస్‌కి ఫోన్ చెయ్యాలి. కానీ ఏ మందూ రోజుకి మరో గంటను కలపదు. సంరక్షణ సెలవు స్త్రీ పురుషులిద్దరికీ జీతంతో సహా కావాలి. వృద్ధులకు పగటి సంరక్షణ కేంద్రాలు వాడవాడలా కావాలి.

ప్రభుత్వాన్ని అడిగేది ఇది. ఇంట్లో అడగాల్సింది ఇంకొకటుంది. ఆ మంచం పక్కన రాత్రి ఇంకో మనిషి కూచోవాలి. ఆ మనిషి కన్నకొడుకే కావాలని అడగడానికి మనం జంకనక్కర్లేదు.