కట్టినవాడొకడు, తరలించినవాడొకడు

ఆటల మీద తెలుగులో వచ్చే రాతలన్నీ ఇంచుమించు క్రికెట్టు చుట్టూనే తిరుగుతాయి. ఫుట్‌బాల్ మాటెత్తితే "అది బెంగాలీల ఆట కదా" అనేవారు మా మంచిర్యాలలోనే కాదు, హైదరాబాదులోనూ తక్కువేమీ కాదు. అటువంటి హైదరాబాదు పేరుతో ఆడిన జట్టు 2022లో ఇండియన్ సూపర్ లీగ్ విజేతగా నిలిచింది. మూడేళ్ళు తిరిగేసరికి, 2025లో, ఆ జట్టు ఊరు విడిచి ఢిల్లీ చేరింది. పేరు కూడా స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఒక విజేత జట్టు మన మధ్య నుండి లేచిపోతే, దానిమీద రావలసినంత చర్చ రాలేదనిపించి ఈ టపా రాస్తున్నాను.

ముందుగా కొంత చరిత్ర. 2019లో పుణె జట్టు మూతపడగా దాని స్థానంలో హైదరాబాద్ ఎఫ్.సి. ఏర్పడింది. యజమానులు విజయ్ మద్దూరి, వరుణ్ త్రిపురనేని. నటుడు రానా దగ్గుబాటి కూడా భాగస్వామిగా చేరాడు. పేర్లు మనవి, ఊరు మనది. ఆట మాత్రం తొలి ఏడాది చూడలేనట్టుగా సాగింది. కిల్గాలన్, బోబో, రఫా లోపెజ్ వంటి విదేశీయులు అప్పటికే ముప్పై నాలుగు, ముప్పై అయిదేళ్ళవారు. పద్దెనిమిది ఆటల్లో గెలిచినవి 2, వచ్చిన పాయింట్లు 10, దక్కినది చిట్టచివరి స్థానం. కోచ్ ఫిల్ బ్రౌన్‌ను సీజను ముగియక ముందే, 2020 జనవరిలో, తొలగించారు. తరువాతి సీజనుకు కుదుర్చుకున్న ఆల్బర్ట్ రోకా ఆ సీజను మొదలు కాకముందే బార్సిలోనాకు వెళ్ళిపోయాడు. అప్పుడు వచ్చినవాడు స్పెయిన్ దేశస్థుడు మానోలో మార్కెజ్.

మార్కెజ్ చేసిన పనిని చాలామంది "కుర్రవాళ్ళకు అవకాశమిచ్చాడు" అన్న ఒక్క వాక్యంతో సరిపెడతారు. అది సగం నిజం. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్, లిస్టన్ కొలాసో వంటి చిన్నవయసు వారిని నమ్మి ఆడించిన మాట వాస్తవమే. చివరి స్థానంలో ఉన్న జట్టు ఒక్క ఏడాదిలో అయిదో స్థానానికి ఎక్కింది. కాని ఆ మరుసటి సంవత్సరం ఆయన ముందువరుసలో నిలిపినది నైజీరియాకు చెందిన ఓగ్బెచెను. అప్పటికే ఆయనకు ముప్పై ఏడేళ్ళు నిండాయి. 18 గోల్స్ చేసి లీగులో అందరికన్నా ముందు నిలిచాడు. 2022 మార్చి 20న ఫతోర్డా మైదానంలో కేరళ బ్లాస్టర్స్‌తో జరిగిన ఫైనల్ 1-1తో ముగిసి పెనాల్టీలకు వెళితే, మూడింటిని ఆపినవాడు ముప్పై రెండేళ్ళ గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి. కాబట్టి ఆ కోచ్ చేసినది ముసలివారిని పంపి పడుచువారిని తేవడం కాదు. ఏ పనికి కాళ్ళు కావాలో, ఏ పనికి అనుభవం కావాలో విడదీసి చూడడం. ఆ వివేకం ఉన్నచోట వయసు దానంతటదే దోషం కాదు.

అంత చేసినా, కోచ్ చేతిలో లేనివి రెండున్నాయి: కాలం, డబ్బు. 2022-23లో కూడా రెండో స్థానంలో నిలిచిన జట్టును విడిచి 2023లో మార్కెజ్ గోవాకు వెళ్ళాడు. ఆ వెంటనే జీతాల బకాయిల కథ వీధిన పడింది. విదేశీ ఆటగాళ్ళు సీజను మధ్యలోనే వెళ్ళిపోయారు. 2023-24లో గెలిచినది ఒకే ఒక్క ఆట, దక్కినది మళ్ళీ అదే చివరి స్థానం. 2024లో క్లబ్బు బి.సి. జిందాల్ సంస్థ చేతికి వచ్చింది. మరుసటి ఏడాది ఊరే మారింది.

"సొమ్ము పెట్టినవాడిది, నష్టపోయినవాడిది, ఎక్కడికి తీసుకుపోవాలో వాడే నిర్ణయించుకుంటాడు" అనే వాదం ఒకటుంది. దానిని తేలికగా తోసివేయలేము. మన దేశంలో ఫుట్‌బాల్ క్లబ్బులు నడపడం లాభసాటి వ్యాపారం కాదు. ఎవరో ఒకరు చేతి డబ్బు పెట్టకపోతే ఆ కప్పు కూడా వచ్చేది కాదు. అయితే క్లబ్బు అమ్ముకున్నది ఆట ఒక్కటే కాదు, ఊరి పేరును కూడా. ఆ పేరును వాడుకున్నందుకు ఊరికి ఏమి మిగిలింది అని అడిగే హక్కు మనకుంది.

జవాబు చెప్పాలంటే ఒక సంగతి గుర్తు చేయాలి. కోవిడ్ కారణంగా 2020-21, 2021-22 సీజన్లు రెండూ పూర్తిగా గోవాలోనే జరిగాయి. అంటే హైదరాబాదు జట్టు కప్పు గెలిచిన ఏడాది గచ్చిబౌలిలో ఒక్క లీగు ఆట కూడా ఆడలేదు. విజేతలలో కట్టిమణి గోవావాడు, మిశ్రా ఉత్తరప్రదేశ్‌వాడు, రాయ్ సిక్కింవాడు. ఇది వారి తప్పు కాదు. ప్రతిభ ఎక్కడుంటే అక్కడి నుండి తెచ్చుకోవలసిందే. కాని ఊళ్ళో పుట్టిన ఆటగాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంత మంది కూడా లేనప్పుడు, ఊళ్ళో ఆడకుండానే గెలిచినప్పుడు, ఆ జట్టును పెకలించడానికి అడ్డమేముంటుంది? వేళ్ళు దిగని చెట్టును కుండీతో సహా ఎత్తుకుపోవచ్చు.

ఇదే హైదరాబాదులో దీనికి భిన్నమైన ఏర్పాటు ఒకప్పుడు ఉండేది. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడైన సయ్యద్ అబ్దుల్ రహీం 1950 నుండి సిటీ పోలీసు జట్టుకు శిక్షణ ఇచ్చారు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందిన, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన భారత జట్లు కూడా ఆయన చేతి మీదుగా తయారైనవే. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా పుణ్యమా అని ఈ పేరు కొందరికి మళ్ళీ తెలిసింది. ఊళ్ళో పిల్లలకు వాటం లేని కాలితోనే ఆడాలన్న నియమంతో ఆయన పోటీలు పెట్టించేవారు. రేపటి జట్టు ఆ పోటీల్లో తయారవుతూ ఉండేది.

పోలీసు శాఖ కన్నా బలమైన యజమాని ఎవరుంటారు? అయినా ఆ యజమాని జట్టును ఇంకో ఊరికి అమ్ముకోలేడు. అంతకన్నా ముఖ్యమైనది, అక్కడ ఆటగాడు ఉద్యోగి కూడా. కాళ్ళలో సత్తువ తగ్గి జట్టులో చోటు పోయినా నెలజీతం పోదు. కాబట్టి కోచ్ ఒక పెద్దవాణ్ణి పక్కకు తప్పించినప్పుడు ఆయన ఇంట్లో పొయ్యి ఆరిపోదు.

ఈ సంగతి మా బొగ్గుగనుల ప్రాంతంవారికి విడమరిచి చెప్పనక్కరలేదు. శ్రీరాంపూర్, మందమర్రి గనుల్లో కార్మికుడు ఒంట్లో శక్తి ఉడిగి "అన్‌ఫిట్" అయితే, షరతులకు లోబడి అతని బిడ్డకు ఉద్యోగం వస్తుంది. ఆ పద్ధతిలో లోపాలు లేవనను. కాని పాతవాడు దిగిపోవడానికీ కొత్తవాడు ఎక్కడానికీ ఒక మర్యాద ఉండాలన్న ఆలోచన అందులో ఉంది. ఆ మర్యాద లేకుండా చేసే పునర్నిర్మాణం ఖాళీ చేయించడమే అవుతుంది.

ఉద్యోగ జట్లను మళ్ళీ తెచ్చుకుంటే చాలునని నేననడం లేదు. రహీం 1963లో కన్నుమూశారు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తరువాత తెలుగు జట్టేదీ దానిని గెలవలేదు. సంస్థ నిలిచినా, రహీం లాంటి మనిషి లేకపోతే ఆట నిలవదు. మార్కెజ్ లాంటి మనిషి ఉన్నా, సంస్థ లేకపోతే అదీ నిలవదు. రెండూ కావాలి.

రేపు ఇంకొక సంపన్నుడు హైదరాబాదు పేరుతో ఇంకొక క్లబ్బు తెస్తే మనం అడగవలసినవి ఇవి: ఏడాది జీతాలకు సరిపడా సొమ్మును ముందే జమ కట్టించాలి. ఊరి పేరు వాడుకున్నందుకు జిల్లాల్లో పిల్లల జట్లను నడపాలన్న షరతు పెట్టాలి. మంచిర్యాలలో ఒక పిల్లవాడు ఉత్త కాళ్ళతో బంతిని తన్నుతుంటే, వాడి ముందు హైదరాబాదు దాకా ఒక దారి కనబడాలి. అలాంటి పిల్లలు పదిమంది జట్టులో ఉన్ననాడు, దాన్ని మరో ఊరికి తరలించే ముందు ఏ యజమానైనా రెండుసార్లు ఆలోచిస్తాడు.