పడవమోటారు – మంచినీరు

ఒడ్డు కనుచూపు దాటిన తరువాత, వల సగము పడవలోను సగము నీటిలోను ఉన్న సమయమున, మోటారు ఉడికిపోయి ఆగినచో అందలి నలుగురైదుగురి గుండెలలో పుట్టు భయమును నేలపై నడయాడువారు ఊహించుట కష్టము. గాలి ఎటు వీచిన పడవ అటు కొట్టుకొనిపోవును. ఒడ్డుకు చేరుచు కెరటములు విరిగిపడు చోట ఆగెనా, అలకు అడ్డము తిరిగి బోల్తాపడుటకు నిమిషము చాలును. ఇట్టి ఆపదను గంగమ్మతల్లి ఆగ్రహమనియో, మోటారు జాతకమనియో సరిపెట్టుకొనువారు కలరు. నా దృఢాభిప్రాయమేమనగా, దీనిలో అధికభాగము మనుష్యప్రయత్నముచేత నివారింపదగినదే. అందులకు ముఖ్యముగా వలసినవి ఒక చిన్న రబ్బరు చక్రమును, ఒడ్డున కొన్ని బిందెల మంచినీరును.

పడవ వెనుకపలకకు బిగించు ఈ మోటారునకు కారునకువలె వేరుగా రేడియేటరు లేదు. తాను తేలుచున్న నీటితోనే అది చల్లబడవలెను. నీట మునిగియుండు కాలిభాగమున ఫ్యానుకు ఎగువను సన్నని జల్లెడ యుండును. దానిగుండా వచ్చిన నీటిని, ఇరుసుతోపాటు తిరుగు ఇంపెల్లరను రబ్బరు చక్రము పైకి నెట్టగా, అది గొట్టమువెంట ఎక్కి, సిలిండరుల చుట్టునున్న సందులలో తిరిగి, వేడిమిని గ్రహించి, పొగతోకూడి మరల బయటికి పోవును. అందులో కొంత నీరు మాత్రము మోటారు వెనుకనో ప్రక్కనో ఉన్న చిన్న రంధ్రమునుండి ధారగా చిమ్ముచుండును. ఆ ధారయే మోటారునకు నాడి. తాడు లాగి మోటారు పట్టించిన వెంటనే వెనుదిరిగి దానిని చూచుట ప్రతి సరంగునకు అలవాటు కావలెను. చేయి పెట్టిన గోరువెచ్చగా తగులుట మంచి లక్షణము; సన్నగిల్లినను, తెగితెగి వచ్చినను, చేయి చురుక్కుమనినను, ఆవిరి చిమ్మినను కీడు సమీపించినదని తెలియవలెను.

అట్టి సూచన కానవచ్చినప్పుడు, లేదా కొత్త మోటార్లలోని హెచ్చరిక కూత వినబడినప్పుడు, వేగము తగ్గించి, మోటారు ఆపి, కాలిని పైకెత్తి మొట్టమొదట జల్లెడను చూడవలెను. పాలిథీను సంచియో, తెగిన వలముక్కయో, నాచో చుట్టుకొనియుండిన దానిని తీసివేయగానే పని చక్కబడును. జల్లెడ శుభ్రముగా నున్నచో ధార వెలువడు రంధ్రమును సన్నని తీగతో పొడిచి చూడవలెను; ఇసుకరేణువు అడ్డుపడి, లోపల నీరు సక్రమముగా తిరుగుచున్నను ధార మాత్రమే ఆగియుండవచ్చును. ఆ తొందరలో ఉడుకుచున్న సిలిండరు తలపై చల్లని నీటిని కుమ్మరించుట ఎంతమాత్రమును కూడదు. అల్యూమినియపు భాగము వంకరపోవుటయో, పగులుటయో సంభవించును. తనంత తాను చల్లారుటకు అరగంట పట్టినను పట్టనిండు.

ఈ రెండుచోట్లను దోషము కానరానియెడల, ఒడ్డు చేరిన తరువాత ఇంపెల్లరుండు నీటిపంపును విప్పవలసినదే. కొన్ని బోల్టులు తీసి, గేరుకడ్డీని విడదీసి, కాలిభాగమును దించినచో ఇంపెల్లరు బయటపడును. కొత్తదాని రెక్కలు ఎటు వంచినను తిరిగి నిలుచును. ముదిరినదాని రెక్కలు ఒకేవైపునకు వాలిపోయి, వ్రేలితో నిలిపినను నిలువవు. రెక్క ఒకటి తెగి లోపించినచో, ఆ తునక పై దారులలో ఎచ్చటనో చిక్కియుండునని ఎరిగి వెదకి తీయవలెను; అది అడ్డుపడి యున్నంతకాలము కొత్త చక్రము వేసియు ఫలము లేదు. చక్రమును ఇరుసునకు పట్టియుంచు అర్ధచంద్రాకారపు ఉక్కుబిళ్ళ ఇసుకలో పడిన దొరకదు గనుక, క్రింద గుడ్డ పరచుకొని ఈ పని చేయుట మేలు. కాకినాడ అఖాతపు బురదనీటిలోను, వరదకాలమున గోదావరి మొగలయందును, ఉప్పాడవలె పడవను ఇసుకపైకి ఎక్కించు రేవులలోను ఒండ్రును ఇసుకయు లోనికి పోయి రబ్బరును అరగదీయును. కావున మన తీరమున దానిని ఏటేట మార్చవలెను. నీరు లేకుండ మోటారును ఒడ్డున తిప్పి చూచుట అంతకంటె చేటు. క్షణములలోనే రెక్కలు మాడిపోవును.

ధార చక్కగా చిమ్ముచుండియు మోటారు వేడెక్కుట మిక్కిలి మోసకరమైన స్థితి. అనేక మోటార్లలో ఆ ధార, వేడిమినిబట్టి తెరచుకొను థర్మోస్టాటను కవాటమునకు ముందే చీలి వచ్చును గనుక, పంపు బాగున్నదని మాత్రమే అది చెప్పగలదు. కారులో 80 డిగ్రీల సెంటీగ్రేడు దాటిన పిదప తెరచుకొను ఈ కవాటము, ఉప్పునీటి మోటార్లలో సామాన్యముగా 50, 60 డిగ్రీల నడుమనే తెరచుకొనును. నీరు అంతకు మించి కాగినకొలది అందలి సున్నపులవణములు విడివడి గోడలకు పెళ్ళకట్టుటయే ఇందులకు హేతువు. పెళ్ళ మందమైనకొలది వేడిమియు, వేడిమి హెచ్చినకొలది పెళ్ళయు పెరుగును. తెరచుకొనని థర్మోస్టాటును పెరికి పారవేయుటయే మందని చెప్పు మెకానిక్కుల మాట నేనంగీకరింపను. అది లేని మోటారు చాలినంత వేడెక్కక, ఇంధనము సరిగా కాలక, ప్లగ్గులకు మసిపట్టును. గిన్నెడు నీటిలో దారముతో వ్రేలాడదీసి పొయ్యిమీద కాచినచో అది తెరచుకొనునదియు లేనిదియు ఇంటిలోనే తేలిపోవును. పెట్రోలులో నూనెపాలు తగ్గించుట, మితిమీరిన బరువు, మోటారును మరీ ఎత్తున బిగించుటచే పంపు గాలి పీల్చుట మొదలగునవియు కారణములే గాని, వానిని సరిదిద్దుట సులభము.

ఉప్పు పేరుకొనకుండుటకు మాత్రము మార్గమొక్కటే. వేటనుండి వచ్చిన ప్రతిసారియు మోటారు కాలిని మంచినీటి డ్రమ్ములో దింపి, గేరు వేయక పది నిమిషములు మెల్లగా నడిపింపవలెను. ఈ సంగతి తెలియనివారు మన రేవులలో తక్కువ, చేయువారును తక్కువే. త్రాగునీటికే బిందెలు వరుసపెట్టు తీరగ్రామమున ఏ ఇల్లాలు ఆ నీటిని మోటారుకు పోయనిచ్చును? ఆమెను తప్పుపట్టు హక్కు ఎవరికిని లేదు.

మోటార్ల కొనుగోలుకు, ఇంధనమునకు రాయితీలిచ్చు ప్రభుత్వము, రేవున ఒక కొళాయిని, ఒక తొట్టిని సమకూర్చుటకు వెనుదీయనక్కరలేదు. ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు తూర్పుతీరమున వేట నిషిద్ధమై మన మోటారు పడవలన్నియు ఒడ్డుననే యుండును. ఆ కాలమున మత్స్యశాఖవారు రేవురేవునకు మెకానిక్కును పంపి, పంపులు విప్పించి, అరిగిన ఇంపెల్లర్లను సరసమైన ధరకు మార్పింపవలెను. మత్స్యకార సహకార సంఘములు ఆ చిన్న విడిభాగమును ఎల్లప్పుడు నిలువయుంచవలెను. నీటి కొళాయి విషయమున పంచాయతీలు వచ్చు నిషేధకాలము వరకు వేచియుండక, ఈ ఋతువుననే పని ప్రారంభింపవలెనని కోరుచున్నాను.