వానకు వెరవని కెమేరా

మన దేశంలో కుటుంబాల ఆల్బములు తిరగవేస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. పెళ్ళిళ్ళు, పుట్టినరోజులు, గృహప్రవేశాలు, తీర్థయాత్రలు అన్నీ ఉంటాయి. వాన మాత్రం ఉండదు. నైరుతి ఋతుపవనం జూన్ 1 ప్రాంతాన కేరళ తీరాన్ని తాకినది మొదలు సెప్టెంబరు వరకు దేశంలో అధికభాగం తడుస్తూనే ఉంటుంది. పిల్లలు కొత్త తరగతులకు వెళ్ళేది చాలాచోట్ల ఆ రోజులలోనే. బోనాలు, వినాయక చవితి, ఓణం వచ్చేది ఆ రోజులలోనే. 2015లో గోదావరి పుష్కరాలు జరిగినది జూలై మాసంలో. అయినా ఏడాదిలో మూడవవంతు కాలం మన ఆల్బములలోకి ఎక్కదు. కారణం అందరూ ఎరిగినదే. నాలుగు చినుకులు పడగానే కెమేరా బీరువాలోకి వెళ్ళిపోతుంది.

ఈ భయం అకారణమైనది కాదు. మధ్యతరగతి ఇంటికి మంచి కెమేరా అంటే ఒక నెల జీతం. లెన్సు కూడా కలిస్తే ఒక్కొక్కప్పుడు మూడు నెలల జీతం. అంత సొమ్ము పెట్టి కొన్న వస్తువును వానలోకి తీసుకుపోవడానికి ఎవరికి మాత్రం చెయ్యి వస్తుంది? అందుచేతనే దుకాణంలో "వెదర్ సీల్డ్" అన్న ముద్ర చూడగానే కొనేవారికి ప్రాణం లేచి వస్తుంది. ఆ ముద్రకు అర్థమేమిటో, అది మనను ఎంతవరకు ఆదుకుంటుందో ముందుగా తెలుసుకుని కొనడం మేలు.

మూడు మాటలు

అనువాదం వృత్తిగా గల నాకు దృష్టి ముందు మాటల మీదికి పోతుంది. కెమేరా ప్రకటనలలో మూడు మాటలు తరచుగా కనిపిస్తాయి: వాటర్‌ప్రూఫ్, వాటర్ రెసిస్టెంట్, వెదర్ సీల్డ్. మూడింటినీ మనం "నీళ్ళు పోనిది" అని ఒక్క మాటతో తేల్చివేస్తాము. నిజానికి మొదటిది చెప్పిన లోతు వరకు నీట మునిగినా చెడనిది. రెండవది నీటిని కొంతవరకు, కొంతసేపు ఎదిరించేది. మూడవది అతుకుల వద్ద రబ్బరు కట్టుదిట్టం ఉన్నదని మాత్రమే చెబుతుంది. ఎంత వాన, ఎంతసేపు అన్న లెక్క అందులో లేదు. మొదటిది చేప, రెండవది బాతు, మూడవది గొడుగు పట్టుకున్న మనిషి అనుకుంటే భేదం సులువుగా మనసుకు పడుతుంది.

నీట మునిగే కెమేరా కొత్తదేమీ కాదు. నికాన్ వారి నికోనాస్ 1963లోనే వచ్చినది. అయితే మునగకపోయినా తడవగలిగిన కెమేరాలు సామాన్య గృహస్థునికి అందడానికి చాలాకాలం పట్టింది. 1980లో వచ్చిన పెంటాక్స్ ఎల్.ఎక్స్., 2003లో వచ్చిన ఒలింపస్ ఇ-1 వృత్తి ఛాయాగ్రాహకులను ఉద్దేశించినవి. 2006లో పెంటాక్స్ కె10డి మధ్యరకం ధరలో 72 సీళ్ళతో వెలువడిన తరువాత ఈ సౌకర్యం ఇళ్ళలోకి ప్రవేశించడం మొదలుపెట్టింది.

ఇందులోని కిటుకు మన వంటింటిలోనే ఉన్నది. ప్రెషర్ కుక్కరు మూతకు రబ్బరు ఉంగరం ఆవిరిని ఎలా ఆపుతుందో, కెమేరా అతుకుల వద్ద, మీటల చుట్టూ, బ్యాటరీ తలుపు అంచున, కార్డు తలుపు అంచున అమర్చిన రబ్బరు ఉంగరాలు నీటిని అలా ఆపుతాయి. కుక్కరు రబ్బరు కొంతకాలానికి గట్టిపడి పట్టు సడలినట్లే వీటికీ వయసు వస్తుంది. పదేళ్ళ నాటి సీల్డ్ కెమేరాను పాతదిగా కొనేవారు ఈ సంగతి మరవరాదు. తలుపు అంచున ఒక వెంట్రుక గాని, ఇసుక రేణువు గాని అడ్డుపడితే కొత్త రబ్బరైనా నిష్ప్రయోజనమే.

అంకెలు చెప్పే నిజం

మాటలు జారిపోయేచోట అంకెలు నిలుస్తాయి. ధూళి, నీరు ఎంతవరకు ఆగుతాయో చెప్పడానికి ఐ.పి. అనే అంతర్జాతీయ ప్రమాణం ఒకటి ఉన్నది. దానిలో మొదటి అంకె ధూళికి, రెండవది నీటికి. పరీక్ష జరగనిచోట అంకెకు బదులు ఎక్స్ అన్న అక్షరం వేస్తారు. ఐ.పి.ఎక్స్1 అంటే నిలువుగా కారే చుక్కలను తట్టుకోగలదని మాత్రమే. 2022లో వచ్చిన ఓ.ఎం. సిస్టమ్ ఓ.ఎం.-1, ఓ.ఎం.-5 కెమేరాలకు ఐ.పి.53 అన్న గుర్తు ఉన్నది. 5 అంటే ధూళి కొద్దిగా చొరబడినా పనికి ఆటంకం కలగదని. 3 అంటే నిలువు నుండి 60 డిగ్రీల వరకు వాలిన జల్లును తట్టుకోగలదని. ఇవి ప్రయోగశాలలో జరిగే పరీక్షలు. ఈదురుగాలితో అడ్డంగా కొట్టే వాన గాని, పంపు కింద కడగడం గాని ఈ హామీలో చేరవు.

చాలా కంపెనీలు ఏ అంకే వేయకుండా "ధూళిని, తేమను ఎదిరించే నిర్మాణం" అని రాసి ఊరుకుంటాయి. అవన్నీ బలహీనమైనవని అనుకోరాదు. వానలో ఏళ్ళ తరబడి పనిచేసినవి వాటిలో ఎన్నో ఉన్నాయి. కాని అంకె లేనిచోట వాదించడానికి ఆధారం కూడా ఉండదు. కొనేముందు గ్యారంటీ పత్రంలో నీటివల్ల కలిగే నష్టం గురించి ఏమి రాసినదీ చదవండి. ఆ నష్టం తమకు సంబంధం లేదని రాసి ఉండడమే సర్వసాధారణం. ముందు పేజీలోని పెద్ద అక్షరాల ధైర్యం వెనుక పేజీలోని చిన్న అక్షరాలలో కనిపించదు.

సగం గొడుగు

ఇళ్ళవారు ఎక్కువగా మోసపోయేది లెన్సు విషయంలో. సీల్డ్ కెమేరాకు సీలు లేని లెన్సు తగిలిస్తే అది సగం విప్పిన గొడుగు. పైన చెప్పిన ఐ.పి.53 కూడా తగిన లెన్సు తగిలించినప్పుడే వర్తిస్తుంది. కెమేరాతో కలిపి చౌకగా ఇచ్చే లెన్సులలో అనేకం సీలు లేనివే. కనుక దుకాణదారును అడగడంతో ఆగక లెన్సును వెనుకకు తిప్పి చూడండి. కెమేరాకు తగిలే లోహపు అంచు చుట్టూ సన్నని రబ్బరు ఉంగరం కనిపించాలి. అది లేకపోతే వానకు పనికిరాదు. ఉన్నంతమాత్రాన పూర్తిగా నమ్మడానికీ లేదు. కొన్నింటికి ఆ ఒక్క ఉంగరమే ఉంటుంది, లోపలి కీళ్ళకు ఉండదు. ఫ్యూజీఫిల్మ్, పెంటాక్స్ సంస్థలు ఇటువంటి లెన్సుల పేరు చివర డబ్ల్యు.ఆర్. అన్న అక్షరాలు చేర్చడం వల్ల గుర్తించడం సులభం.

మరొక చిక్కు ముందువైపు అద్దం దగ్గర ఉన్నది. కేనన్ వారి కొన్ని ఖరీదైన లెన్సులకు ముందు ఒక ఫిల్టరు బిగిస్తే గాని రక్షణ పూర్తికాదు. ఫ్యూజీఫిల్మ్ ఎక్స్100వి కెమేరాకు కూడా ఒక ఉంగరం, దానిపై ఫిల్టరు విడిగా కొని అమర్చుకోవాలి. ఈ అదనపు ఖర్చును ముందే లెక్కలో వేసుకోవాలి.

ఇంటికి ఏ లెన్సు?

వానలో లెన్సు మార్చడమంటే కోట కట్టి తలుపులు తెరిచి పెట్టడమే. అందుచేత కుటుంబానికి మూడు నాలుగు లెన్సుల కంటె, తగిలించినది తీయనవసరం లేని ఒక జూమ్ లెన్సు ఉపయుక్తం. ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో 24 నుండి 70 లేదా 80 మి.మీ. వరకు ఉండేది చాలు. ఇరుకైన గదిలో పదిమందిని కూర్చోబెట్టడానికి 24, నడుస్తున్న పిల్లలకు 35, 50, ముఖాలకు 70. అయితే 24 వద్ద అంచున నిలబడినవారి ముఖం సాగినట్లు పడుతుంది. తాతగారిని, నాయనమ్మగారిని ఎప్పుడూ వరుస మధ్యనే కూర్చోబెట్టండి. మర్యాదకు మర్యాద, ఫోటోకు ఫోటో.

వాన పగలు వెలుతురు తక్కువ. అందుచేత ఎపర్చరు ఎఫ్/4 వరకైనా తెరుచుకునేది, వీలైతే ఎఫ్/2.8ది ఎంచుకోవాలి. ఇంటిలో దీపాల వెలుతురుకు ఎఫ్/1.8 లేదా ఎఫ్/2 గల చిన్న లెన్సు ఒకటి తోడుగా ఉంటే మంచిది. ఎఫ్/1.8 గల లెన్సు ఎఫ్/2.8 కంటె రెట్టింపుకు మించిన కాంతిని లోనికి రానిస్తుంది. ఇంటిలో వాడేదానికి సీలు లేకపోయినా నష్టం లేదు. అక్కడ డబ్బు ఆదా చేయవచ్చు.

బరువును చిన్నచూపు చూడకండి. ఫుల్‌ఫ్రేమ్ ఎఫ్/2.8 జూమ్ ఒక్కటే 800, 900 గ్రాములు తూగుతుంది. చంకలో బిడ్డ, చేతిలో గొడుగు, భుజాన సంచి ఉన్న తల్లి దానిని ఎలా మోస్తుంది? ఓ.ఎం.-5 కెమేరా బ్యాటరీతో సహా 414 గ్రాములు. దానికి సరిపడే 12-40 మి.మీ. ఎఫ్/2.8 లెన్సు 382 గ్రాములు. ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో అది 24-80తో సమానం. చిన్న సెన్సరు వల్ల చీకటిలో నాణ్యత కొంత తగ్గుతుంది, నిజమే. కాని ఇంట్లో దిగబెట్టి వచ్చిన పెద్ద కెమేరా కంటె మెడలో వేలాడుతున్న చిన్న కెమేరా మంచి ఫోటో తీస్తుంది.

సీలు ఆపలేని శత్రువులు

మన దేశంలో కెమేరాలకు వాన కంటె పెద్ద శత్రువులు మూడు ఉన్నాయి. వాటి గురించి ప్రకటనలు మాట్లాడవు.

మొదటిది సముద్రపు ఉప్పు. పూరీలో గాని, విశాఖలో గాని, మెరీనాలో గాని అలల తుంపర పడిన కెమేరాను అలాగే సంచిలో పెడితే, నీరు ఆరిపోయి ఉప్పు మిగులుతుంది. అది మీటల సందులలో చేరి లోహాన్ని తినివేస్తుంది. ఇంటికి రాగానే మంచినీటిలో తడిపి గట్టిగా పిండిన మెత్తని పాత పంచె ముక్కతో పైభాగమంతా తుడిచి, పొడిగుడ్డతో ఆరనివ్వాలి.

రెండవది చెమర్చడం. చల్లని ఏ.సి. గదిలో నుండి, ఏ.సి. రైలుపెట్టెలో నుండి ఉక్కపోతలోకి వచ్చిన కెమేరా మీద మంచుగ్లాసు మీద వలెనే నీరు పడుతుంది. గాలి లోపల కూడా ఉన్నది గనుక రబ్బరు ఉంగరాలు దీనికి మందు కావు. బయలుదేరేముందు కెమేరాను పాలిథిన్ సంచిలో పెట్టి మూతి బిగించి, బయటికి వచ్చాక అరగంట ఆగి తీస్తే ఆ నీరు సంచి మీదనే పడుతుంది.

మూడవది, అన్నింటికంటె ప్రమాదకరమైనది, బూజు. చీకటి, కదలని గాలి, తేమ దొరికితే అది లెన్సు లోపలి అద్దాల మీద సాలెగూడు వలె అల్లుకుంటుంది. అద్దం పైపూతను శాశ్వతంగా పాడుచేస్తుంది. ఈ మూడూ దానికి సమృద్ధిగా దొరికే చోటు మన బీరువా. వానకు భయపడి దాచిన కెమేరాను వానాకాలపు బీరువాయే తినివేస్తుందన్నమాట. తోలుసంచిలో పెట్టి దాచడం మరీ చెరుపు. తోలు తేమను పట్టి ఉంచుతుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికాజెల్ పొట్లాలు వేసి, తేమను కొలిచే చిన్న మీటరు ఒకటి ఉంచి, 40, 50 శాతం మధ్య ఉండేటట్లు చూసుకోవాలి. రంగు మారిన పొట్లాలను వేడిచేసి తిరిగి వాడుకోవచ్చు. బియ్యం డబ్బాలో పెట్టడం వల్ల ప్రయోజనం లేకపోగా తవుడు లోనికి పోతుంది. వారానికొకసారి కెమేరాను బయటికి తీసి నాలుగు ఫోటోలు తీయడం వీటన్నింటికీ తోడుగా మంచి వైద్యం.

ఎవరికి అవసరం?

ఇంత చెప్పినాక ఒక ప్రశ్న మిగులుతుంది. ఈ ఖర్చు అందరికీ తప్పనిసరా? కానే కాదు. వసారాలో నిలబడి ముంగిట ఆడే పిల్లలను తీసేవారికి మామూలు కెమేరా చాలు. చినుకులలో నాలుగు నిమిషాల పనికి పాలిథిన్ సంచికి లెన్సు పట్టేంత చిల్లు పెట్టి రబ్బరు బ్యాండు వేస్తే సరిపోతుంది. న్యూజీలాండ్ ఛాయాగ్రాహకుడు బ్రయన్ బ్రేక్ మన ఋతుపవనాల మీద తీసిన చిత్రాలు 1961లో లైఫ్ పత్రికలో వెలువడి ప్రపంచమంతటా పేరు తెచ్చుకున్నాయి. వానచినుకులకు ముఖమెత్తి కళ్ళు మూసుకున్న అమ్మాయి చిత్రం వాటిలో తలమానికం. ఆ అమ్మాయి తరువాతి కాలంలో ప్రసిద్ధ దర్శకురాలైన అపర్ణాసేన్. ఆ చినుకులు మబ్బుల నుండి రాలినవి కావు; కలకత్తాలో ఒక డాబా మీద, మొక్కలకు నీళ్ళు పోసే డబ్బాతో పోసినవి.

కాని ఇంటి పిల్లలకు అలా వేషం వేసి నీళ్ళు పోయలేము. వారి వాన చెప్పకుండా వస్తుంది. ఏటా వానలలో ప్రయాణం చేసేవారికి, సముద్రతీరాన, కొండ ప్రాంతాలలో నివసించేవారికి, బడి నుండి తడుస్తూ వచ్చే పిల్లల వెంట నడిచేవారికి సీల్డ్ కెమేరా సొమ్ముకు తగిన ఫలితం ఇస్తుంది. అటువంటివారు ముందు లెన్సు చూడండి, తరువాత కెమేరా చూడండి, ఆపైన గ్యారంటీ పత్రం చదవండి, డబ్బాకు, సిలికాజెల్‌కు కొంత సొమ్ము మిగుల్చుకోండి. వానలో లెన్సుకు ముందు హుడ్ తగిలిస్తే చినుకులు అద్దం మీద పడవు. షట్టరు 1/500 సెకను వద్ద చినుకులు ముత్యాల వలె నిలుస్తాయి. 1/60 వద్ద దారాల వలె సాగుతాయి. వెనుక నుండి వెలుతురు, దాని వెనుక చీకటి చెట్టో గోడో ఉంటే వాన స్పష్టంగా కనిపిస్తుంది.

బీరువాలోని కెమేరా తడవదు. అయితే ఈ ఏడు తొలకరికి ముంగిట్లో కాగితపు పడవ వదిలిన పిల్లవాడు వచ్చే ఏటికి అంగుళాలు పెరిగి ఉంటాడు. పడవ చేసి ఇచ్చిన తాతగారికీ ఒక ఏడు పైబడి ఉంటుంది. కొనేటప్పుడు ధరలతోపాటు ఈ లెక్క కూడా వేసుకోండి.