ఫార్మాటు వాద ఖండనము

ఒకే కంప్యూటరులో విండోసును, లినక్సును ప్రక్కప్రక్కన నిలుపుకొని వాడుకొనువారు డిస్కులోని పార్టిషనులను పెంచియో, తగ్గించియో, తొలగించియో మార్చిన పిమ్మట, యంత్రము లేవక, నల్లని తెరపై ఒకటి రెండు ఆంగ్లవాక్యములను మాత్రము చూపి నిలిచిపోయినప్పుడు, మరమ్మతు దుకాణమున గాని, కార్యాలయములో కంప్యూటరు తెలిసినవాడని పేరుపడినవాని నోట గాని వినవచ్చు తీర్పు ఒక్కటే: "డిస్కు పోయింది, ఫార్మాట్ కొట్టి మళ్ళీ విండోస్ వేయాల్సిందే." ఈ తీర్పు ఎంతగా వేరూనినదనగా, దీనికి హేతువు చూపవలెనని చెప్పువాడును తలపడు, అడుగవలెనని వినువాడును తలపడు. ఇది అత్యధిక సందర్భములలో నిర్హేతుకమనియు, అంతటితో పోక, సరిదిద్దదగిన చిన్న దోషమును సరిదిద్దరాని నష్టముగా మార్చుననియు నా వాదము.

పూర్వపక్షమును ముందుగా న్యాయముగా చెప్పవలెను. ఆ వాదమునకు మూడు ఆధారములు కలవు. యంత్రము లేవలేదు గనుక అందలి సమస్తమును నశించినదనుట మొదటిది. రెండు వ్యవస్థలు ఒక డిస్కున పొసగవనియు, ఆ పొసగమియే ఈ విపత్తునకు మూలమనియు అనుట రెండవది. దోషమెచటనున్నదో వెదకుటకంటె తుడిచివేసి మరల వేయుటయే శీఘ్రమార్గమనుట మూడవది.

మొదటి ఆధారమును పరీక్షింతము. పాత పద్ధతి యంత్రములలో డిస్కు యొక్క మొట్టమొదటి సెక్టారు 512 బైట్లు మాత్రమే. అందు 446 బైట్లు యంత్రమును లేపు చిన్న ప్రోగ్రామునకును, 64 బైట్లు పార్టిషను పట్టికకును, కడపటి 2 బైట్లు ముద్రకును కేటాయింపబడినవి. ఏ భాగము ఎచట మొదలగునో, ఎంత పొడవున్నదో చెప్పుటయే ఆ పట్టిక పని. మన ఫైళ్ళలో ఒక్క అక్షరమైనను అందు లేదు. అడంగలులో సర్వే నెంబరు తప్పుపడినంతమాత్రమున పొలములోని పైరు ఎండిపోదు. లెక్క తప్పినచో లెక్కను దిద్దవలెను గాని పైరును దున్నివేయరాదు.

తరచుగా జరుగు ఒక సందర్భమును చూడుడు. మొదటి పార్టిషనులో విండోసు, లాజికల్ పార్టిషనులలో 5వదానియందు పాత ఫైళ్ళు, 6వదానియందు ఉబుంటు అను లినక్సు ఉన్నవి. యజమాని విండోసులోని డిస్క్ మేనేజ్‌మెంటు నుండి 5వదానిని తొలగించెను. లాజికల్ పార్టిషనుల సంఖ్య ఎల్లప్పుడును 5 నుండియే లెక్కింపబడును గనుక, నిన్నటి 6వది నేడు 5వదియైనది. ఉబుంటులో ఒక్క బైటును కదలలేదు. కాని మొదటి సెక్టారునందును, దానిని వెన్నంటిన ఖాళీచోటునందును కూర్చున్న గ్రబ్ అను బూట్ లోడరు, తన తక్కిన భాగములు 6వ పార్టిషనులో ఉన్నవని స్థాపననాడు వ్రాసికొన్న గుర్తునే నమ్మి వెదకి, అట్టి పార్టిషను లేదని ప్రకటించి, 'గ్రబ్ రెస్క్యూ' అను సూచిక వద్ద ఆగిపోవును. విండోసును పిలువవలసినదియు ఆ గ్రబ్బే గనుక, గోరంత గాయమైనను తగులని విండోసు సైతము మృతమైనట్లు కానవచ్చును. చూచువాడు రెండును పోయినవనుకొనును. పోయినది ఒక అంకె మాత్రమే.

ఆ అంకెను దిద్దుటకు మహావిద్య అక్కరలేదు. ఆ సూచిక వద్దనే 'ఎల్ఎస్' అను ఆజ్ఞతో పార్టిషనుల జాబితాను చూచి, గ్రబ్ ఫోల్డరు దేనియందున్నదో కనుగొని, 'ప్రిఫిక్స్', 'రూట్' అను రెండు విలువలను క్రొత్త సంఖ్యకు మార్చి, 'నార్మల్' అను మాడ్యూలును ఎక్కించి నడిపినచో పాత మెనూ మరల ప్రత్యక్షమగును. పిమ్మట ఉబుంటులోనికి పోయి గ్రబ్బును డిస్కుపై మరల స్థాపించినచో ఆ దిద్దుబాటు శాశ్వతమగును.

యూఈఎఫ్ఐ గల క్రొత్త యంత్రములలో ఏర్పాటు వేరు గాని నీతి వేరు కాదు. అచట ఈఎస్‌పీ అను చిన్న ఫ్యాట్32 పార్టిషనులో విండోసు బూటు ఫైళ్ళును, ఉబుంటు బూటు ఫైళ్ళును వేరువేరు ఫోల్డరులలో ఉండును. మదరుబోర్డు స్మృతిలో ఆ పార్టిషను గుర్తింపు సంఖ్యయు, ఫైలు త్రోవయు నమోదై యుండును. ఎవరైన ఆ చిన్న పార్టిషనును వ్యర్థమని తొలగించి మరల సృష్టించినచో, గుర్తింపు సంఖ్య మారి, నమోదు నిరర్థకమగును. విండోసు స్థాపన పెన్‌డ్రైవు నుండి 'బీసీడీబూట్' ఆజ్ఞతో విండోసు బూటు ఫైళ్ళను, ఉబుంటు లైవ్ పెన్‌డ్రైవు నుండి గ్రబ్బును ఆ పార్టిషనులో పునఃస్థాపింపవచ్చును. అటు పిమ్మట ఉబుంటు 'ఎమర్జెన్సీ మోడ్' అను మాట చూపి నిలిచినను భయపడనక్కరలేదు. 'ఎఫ్ఎస్‌టాబ్' అను ఫైలులో పాత ఈఎస్‌పీ సంఖ్య మిగిలిపోయినదని దాని యర్థము, దిద్దవలసినది ఒక పంక్తి.

ఫార్మాటు వాదమునకు విండోసే సాక్ష్యము పలుకుట ఒకటి కలదు. లినక్సు వాడు ఎక్స్‌టీ4 పద్ధతి విండోసునకు స్వయముగా తెలియదు; అట్టి పార్టిషనునకు డ్రైవు అక్షరము తగిలినచో, దీనిని వాడుటకు ముందు ఫార్మాటు చేయవలెనని అది హెచ్చరించును. తనకు చదువరాని లిపిని ఖాళీ కాగితమని భ్రమించుటయే ఇది. ఆ మాట విని మీట నొక్కినవారెందరో, అంతవరకు భద్రముగా నున్నదానిని తమ చేతులారా పోగొట్టుకొనిరి. అందును ఎస్ఎస్‌డీ డిస్కులపై ప్రమాదము అధికము: శీఘ్ర ఫార్మాటు చేసినను, ఆ స్థలము ఇక ఖాళీయని 'ట్రిమ్' ఆజ్ఞ డిస్కునకు పోవును, ఆపై లోపలి కంట్రోలరు ఆ సమాచారమును తుడిచివేసిన, తిరిగి పొందుట సాధారణముగా అసాధ్యము.

ఇక రెండవ ఆధారము. రెండు వ్యవస్థలు పొసగవనువారు చరిత్రను మరచినవారు. 1983లో పీసీ డాస్ 2.0తో పార్టిషను పట్టిక వచ్చిననాడే దానియందు నాలుగు గడులుంచుటకును, వానిలో ఏది లేవవలెనో చెప్పు గుర్తునుంచుటకును హేతువు, ఒక డిస్కున భిన్న వ్యవస్థలు నివసింపవచ్చునను భావనయే. 1995లో ఎరిక్ బోలిన్ గ్రబ్బును ఆరంభించినది గ్నూ హర్డ్ వ్యవస్థను లేపుటకే యైనను, ఒక్కొక్క వ్యవస్థకు ఒక్కొక్క లోడరు అను దురవస్థను తొలగించుటయే దాని ఆశయము. పొసగమి యని చెప్పబడునవి విచారించిన చిన్న అమరికలుగా తేలును. విండోసు 8 నుండి వచ్చిన 'ఫాస్ట్ స్టార్టప్' వలన విండోసు పూర్తిగా ఆగక అర్ధనిద్రలో నుండును. ఆ స్థితిలో దాని పార్టిషనును లినక్సు నుండి మార్చుట ప్రమాదము, కావున ఆ ఫాస్ట్ స్టార్టప్ అమరికను ముందే ఆపివేయవలెను. 2021లో వెలువడిన గ్రబ్ 2.06 నుండి ఇతర వ్యవస్థలను వెదకు 'ఓఎస్ ప్రోబర్' మొదటి అమరికలోనే ఆపబడియున్నది. మెనూలో విండోసు పేరు కానరానంతనే విండోసు పోయినదని ఏడ్చుట తగదు, ఆ వెదకులాటను మరల అనుమతించిన చాలును.

మూడవది శీఘ్రతా వాదము. విండోసును వేయుట ఒక పూట పనియే కావచ్చును. కాని దుకాణదారుడు 'వేసితిని' అని యంత్రమును చేతికిచ్చిన క్షణముననే యజమాని అసలు శ్రమ మొదలగును. తెలుగు డీటీపీ చేయువాని యంత్రమునే తీసికొనుడు. పేజీమేకరు, 'అను' ఫాంట్లు, చేతికి అలవడిన కీబోర్డు అమరిక, ప్రింటరు అమరికలు, ఆ ఫాంట్ల సంకేతములలోనే పేర్చబడి యూనికోడ్‌లోనికి మారని పుస్తకములు—వీని కొరకే కదా అతడు లినక్సు ప్రక్కన విండోసును కాపాడుకొనుచున్నాడు! వీనిని తుడిచివేసి శీఘ్రముగా ముగించితిమనుట, పనిని ఒకరి భుజము నుండి మరియొకరి భుజమునకు మార్చి, దానికి వేగమని పేరిడుట మాత్రమే.

ఈ వ్యవస్థలను నిర్మించినవారు సైతము ఫార్మాటు వాదులు కారు. క్రొత్త పార్టిషను పట్టికయగు జీపీటీ పద్ధతిలో పట్టికకు రెండవ ప్రతిని డిస్కు చివర నుంచిరి. విండోసు వాడు ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో బూట్ సెక్టారు ప్రతిని ఆ భాగము చివర నుంచిరి. ఎక్స్‌టీ4లో సూపర్ బ్లాకు ప్రతులను పలుచోట్ల నుంచిరి. దోషము సహజమనియు, దిద్దుబాటు సాధ్యమనియు వారెరుగుదురు. పట్టికయే చెరిగినపుడు, క్రిస్టోఫ్ గ్రెనియే రచించిన టెస్ట్‌డిస్క్ అను ఉచిత ప్రోగ్రాము ఇట్టి ఆనవాళ్ళను వెదకి పార్టిషనుల హద్దులను తిరిగి కనుగొనును.

మరల వేయుట ఎన్నడును తగదని నేననను. డిస్కే భౌతికముగా క్షీణించుచున్నపుడును, పార్టిషను ఆరంభమును జరుపుచుండగా మధ్యలో కరెంటు పోయి ఫైల్ సిస్టమ్ సగము ఇటు, సగము అటు అయినపుడును పునఃస్థాపన తప్పకపోవచ్చును. కాని అచటను అది తుది మెట్టు. మొదటి మెట్టు, డిస్కునకు యథాతథమైన ప్రతిని వేరొక డిస్కుపై తీసికొనుట. పట్టిక సరియైనదని తేలకముందు మరమ్మతు పేరిట ఏ ప్రోగ్రామును డిస్కుపై వ్రాయనీయరాదు. ఇక డిస్కును గూఢలిపిలో నుంచు విండోసు బిట్‌లాకరు 48 అంకెల రికవరీ కీ అడిగినచో, అది బూటు మార్గము మారెనను అనుమానమే గాని మరణవార్త కాదు. ఆ కీని ముందే భద్రపరచుకొన్నవానికి భయము లేదు.

కనుక పాఠకులకు నా విన్నపమిది. పార్టిషనులను ముట్టుటకు ముందు ఫైళ్ళను, పార్టిషను పట్టికను వేరొకచోట దాచుకొనుడు. విండోసు భాగమును విండోసు నుండియే తగ్గింపుడు. వీలైనంతవరకు భాగము తుదిని మార్చుడు గాని ఆరంభమును కదలింపకుడు. యంత్రము లేవనినాడు తెరపైని వాక్యమును అక్షరము పొల్లుపోకుండ వ్రాసికొనుడు. "ఫార్మాట్ కొట్టాలి" అనువానిని, దోషము పట్టికలో నున్నదా, బూట్ లోడరులో నున్నదా, ఫైల్ సిస్టమ్‌లో నున్నదా, డిస్కులోనే యున్నదా యని అడుగుడు. ఈ ప్రశ్నకు బదులు చెప్పలేనివాని చేతికి మీ డిస్కును ఇయ్యకుడు.