బ్రేకు ఒక్కటే చాలదు

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో ఖరగ్‌పూర్ చేరిన తెలుగువారు సొంతూరికి రైల్లోనే వెళ్లేవారు. వారి మనవలు, మునిమనవలు కొందరు ఇప్పుడు కార్లలో 16వ నంబరు జాతీయ రహదారి పట్టి, బాలేశ్వర్, భువనేశ్వర్ మీదుగా శ్రీకాకుళం, విశాఖ వెళ్తున్నారు. లారీ చాటునుంచి హఠాత్తుగా ఆవు అడ్డొస్తే, కారు స్టీరింగు మాట వినడం మీదే ప్రాణాలు ఆధారపడతాయి.

కొనేటప్పుడు మనం అడిగేది మైలేజీ, సన్‌రూఫ్. అడగాల్సింది వేరు. ఏబీఎస్ ఉంటే బ్రేకు గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోవు, పక్కకు తిప్పుకోగలం. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరి. తిప్పినప్పుడు కారు జారితే, ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి అదుపులోకి తెచ్చేది ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్. 1997లో స్వీడన్‌లో, అడ్డొచ్చిన దుప్పిని తప్పించే తరహా పరీక్షలో మెర్సిడెస్ ఏ-క్లాస్ బోల్తా పడింది. ఆ తర్వాతే కంపెనీ ఆ మోడల్ కార్లన్నిటికీ దాన్ని అమర్చింది. ఎంత చవక కారుకైనా అది ఉండి తీరాలి.

అయితే అరిగిన టైరు ముందు ఏ పరికరమూ నిలవదు. చట్టం అడిగే కనీస గాడి లోతు 1.6 మిల్లీమీటర్లు, వాన రోడ్డు మీద అది చాలదు. పూజా సెలవులకు బయల్దేరేముందు టైర్లు, గాలి, షాకబ్జార్బర్లు చూపించుకోండి. కారు పైన సామాను ఎత్తుగా కట్టకండి, మలుపులో అదే ఒరగదోస్తుంది.