ఎంసీబీ వైరును కాపాడుతుంది.. మరి మిమ్మల్ని?

చలి మొదలైందంటే చాలు, ‘గీజర్‌ షాక్‌తో మృతి’ అన్న వార్త ఏదో ఒక ఊరి నుంచి వస్తూనే ఉంటుంది. అయ్యో పాపం అనుకుని పేజీ తిప్పేస్తాం. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2017 నుంచి 2021 వరకు దేశంలో ఏటా 12 వేల మందికి పైగా కరెంటు షాక్‌తో ప్రాణాలు కోల్పోయారు. ఇవన్నీ పొలాల్లోనో, స్తంభాల దగ్గరో జరిగినవి కావు. ఇళ్లలో జరిగినవీ ఉన్నాయి.

అసలు లోపం చాలాసార్లు గీజర్‌లో కాదు, దాని వెనకున్న వైరింగులో ఉంటుంది. ఎప్పుడో లైట్లు, ఫ్యాన్లు, టీవీ కోసం వేసిన లైనుకే ఇప్పుడు గీజర్‌, ఏసీ, ఇండక్షన్‌ స్టవ్‌, స్కూటర్‌ ఛార్జర్‌ తగిలిస్తున్నాం.

ఎంసీబీ ఉందిగా అంటారా?

3 కిలోవాట్ల గీజర్‌ సుమారు 13 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. దానికి పెట్టే 16 లేదా 20 ఆంపియర్ల ఎంసీబీ, అంతకు మించితేనే పడిపోతుంది. కానీ ఛాతీ గుండా ఆంపియర్‌లో పదో వంతు వెళ్లినా గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. అంత చిన్న తేడా ఎంసీబీకి తెలియదు. పైగా తడిసిన చర్మం కరెంటుకు సులువుగా దారిస్తుంది.

మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు మధ్య 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే 0.3 సెకన్లలోపే సరఫరా ఆపేస్తుంది. కేంద్ర విద్యుత్‌ ప్రాధికార సంస్థ 2023 నిబంధనలు ఇళ్లకు చెప్పిన పరిమితీ ఇదే. అయితే మీటరు దాటాక ఇంటి లోపలి వైరింగు బాధ్యత మనదే. ఎంసీబీ, ఆర్‌సీసీబీ రెండూ ఉండాలి. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదనుకోవద్దు.

కొత్త లైను వేయిస్తున్నారా?

• పెద్ద పరికరానికి డిస్ట్రిబ్యూషన్‌ బోర్డు నుంచి విడి లైను వేయించండి. పక్క సాకెట్‌ నుంచి లాగొద్దు. ఎక్స్‌టెన్షన్‌ బాక్సు అసలే వద్దు.

• 2 కిలోవాట్లకు 2.5, ఏసీకి, 3 కిలోవాట్ల గీజర్‌కు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు అడగండి. మాటిమాటికీ ఎంసీబీ పడిపోతోందని, వైరు మార్చకుండా పెద్దది బిగించనివ్వొద్దు. లోపల వైరు కాలిపోతుంది.

• ఆకుపచ్చ ఎర్త్‌ వైరు ఎర్త్‌ పిట్‌ దాకా వెళ్లిందో లేదో పరీక్షించమనండి. దాన్ని న్యూట్రల్‌కో, నీళ్ల పైపుకో కలిపితే కుళాయి ముట్టుకున్నా షాక్‌ కొట్టే ప్రమాదం ఉంది.

• కరెంటు బిల్లుపై ఉన్న కాంట్రాక్టెడ్‌ లోడు చూడండి. చాలకపోతే డిస్కంకు దరఖాస్తు చేసి పెంచుకోండి.

• పని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. సొంతంగా ప్రయత్నించొద్దు.

ఆర్‌సీసీబీ మీద ‘టి’ అన్న బటన్‌ ఉంటుంది. నెలకోసారి నొక్కండి. వెంటనే పడిపోకపోతే మార్పించండి.

షాక్‌ కొడితే..

ముందు మెయిన్‌ ఆపండి. ఆపేదాకా బాధితుడిని ముట్టుకోవద్దు. తర్వాత 108కి ఫోన్‌ చేయండి. స్పృహ లేక, శ్వాస ఆడకపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్ల లోతుకు గట్టిగా నొక్కుతూ ఉండండి. లేచి కూర్చున్నా సరే, ఒకసారి ఆసుపత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించండి. పైకి కాలిన గాయం చిన్నదే అయినా లోపల గుండెకు దెబ్బ తగిలి ఉండొచ్చు.

ఇవాళే మీ ఇంటి బోర్డు మూత తీసి చూడండి. అందులో ఆర్‌సీసీబీ కనిపించకపోతే గీజర్‌ కన్నా ముందు కొనాల్సింది అదే.