చదువుకోనిస్తారు, సంపాదించనివ్వరు

1961 చట్టం నేరమన్నా, అద్దంకి చుట్టుపక్కల అమెరికా సంబంధమంటే పత్తి, మిర్చి డబ్బంతా కట్నానికే. అంత ఇచ్చాక అమ్మాయికి దక్కేది హెచ్-4 వీసా, అంటే ‘భార్య’ అన్న హోదా. దానిపై యూనివర్సిటీలో చదవవచ్చు. క్యాంపస్‌లో సైతం జీతానికి పనిచేయరాదు. మరి ఫీజు కట్టేదెవరు? భర్త. అప్పుడది హక్కెలా అవుతుంది? అతని దయ!

2015 మే 26 నుంచి కొందరు హెచ్-4 భార్యలకు పని అనుమతి వచ్చింది. అదీ భర్త గ్రీన్‌కార్డు వ్యవహారం ఒక దశ దాటితేనే. సొంతంగా ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారితే, చదువు సాగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలు పనిచేసుకోవచ్చు. ఈ సంగతి పెళ్ళికి ముందే ప్రతి అమ్మాయికీ తెలియాలి.

తల్లిదండ్రులారా, కట్నం మానండి. ఆ డబ్బు ఆమె చదువుకు, ఆమె పేరునే ఉంచండి. ప్రభుత్వాలను అడుగుదాం: స్త్రీ మనిషా, భర్త సామానులో భాగమా?